ఖాళీ సముద్రం బరువు

ముప్ఫై ఒక్క ఏళ్ళపాటు ఒక మనిషి రోజూ పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళి, ఏమీ లేని చోటును శ్రద్ధగా చూసి, సాయంత్రానికి ఇల్లు చేరేదంటే ఎవరూ నమ్మరు. అందుకు జీతం కూడా ఇచ్చేవారంటే అసలే నమ్మరు. పిన్ని ఉద్యోగం మాత్రం అదే.

ఆఫీసులో ఆవిడ అందరికీ పిన్ని. ఆ పిలుపు ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఆవిడకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా నోరారా పిన్నీ అని పిలిచి, రిటైరై వెళ్ళిపోయారు. రెండో అంతస్తులో, మంచినీళ్ళ ఫిల్టరు పక్కన, కిటికీ సరిగా మూతపడని గది ఆవిడది. ఆ కిటికీ సందులో మడతపెట్టిన అట్టముక్క. తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డంగా పాతకాలపు టేపు చక్రం ఒకటి. ఆవిడ చేరిన కొత్తలో శాటిలైట్ చూసిందంతా అలాంటి టేపుల మీదే వచ్చేది. ఇప్పుడు అంతా తీగల వెంట వస్తోంది, టేపు తలుపు కాస్తోంది.

ఆ గది గోడల మీద ఒక గీత ఉండేది. గ్రాఫు కాగితాలు ఒకదాని పక్కన ఒకటి అతికించుకుంటూ పోగా, అది కిటికీ దగ్గర బయలుదేరి, బీరువా వెనక దూరి, తలుపు నెత్తి మీదుగా ఎక్కి దిగి, మూడు గోడలు చుట్టి నాలుగో గోడ మొదట్లో ఆగింది. నేల మీది పొగగొట్టాలు ఏటేటా ఎంత సల్ఫర్ డయాక్సైడ్ వదులుతున్నాయో చెప్పే గీత అది. అగ్గిపుల్ల గీసినప్పుడు ముక్కులో సూదిలా గుచ్చుకుంటుందే, ఆ వాసనే ఆ గ్యాసు. బొగ్గు కాల్చినా, రాగి కరిగించినా, అగ్నిపర్వతం ఊపిరి వదిలినా పుడుతుంది.

దాన్ని ఏడు వందల కిలోమీటర్ల పైనుంచి చూడడమెలా అని ఎవరైనా అడిగితే పిన్నికి పండగే.

"ఎండలో మన కంటికి ఆనని రంగులు కొన్ని ఉంటాయి. అవి నేలకు కొట్టుకుని మళ్ళీ పైకి పోతాయి. దారిలో ఈ గ్యాసు ఉంటే కొన్నిటిని మింగేస్తుంది. పైకి చేరాల్సినవి ఎన్ని, చేరినవి ఎన్ని? తేడా చూస్తే దొంగ ఎంత తిన్నాడో తెలిసిపోదూ!"

అయితే ఒక్క రోజు చూపుతో ఏదీ తేలదు. ఒకరోజు మబ్బు, ఒకరోజు గాలి అటు, ఒకరోజు ఇటు. అందుకని ఏడాది పొడుగునా తీసిన బొమ్మలన్నిటినీ గాలి ఒకే వైపు వీస్తున్నట్టు తిప్పి, ఒకదాని మీద ఒకటి పేర్చి, సగటు తీయాలి. అప్పుడు మెల్లగా పొగ జాడ బయటపడుతుంది. "ఒక్క రోజు చూసి పొగగొట్టాన్నీ మొగుణ్ణీ తేల్చేయకూడదమ్మా" అనేది పిన్ని. మొదటిదానికి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా, రెండోదానికి ముప్ఫై నాలుగేళ్ళుగా ఆవిడ సగటు తీస్తూనే ఉంది.

ఇక ఆ ఏమీ లేని చోటు సంగతి. ఏ తక్కెడకైనా ముందు ఖాళీ పళ్ళెం చూసుకోవాలి కదా. శాటిలైట్‌కు ఖాళీ పళ్ళెం ఒక సముద్రపు ముక్క. దగ్గర్లో ఊరు లేదు, ఓడల దారి లేదు, నిప్పు కక్కే కొండ లేదు. అక్కడ గ్యాసు సున్నా ఉండాలి. కానీ పైనున్న కన్ను వణుకుతుంది. ఒకరోజు సున్నాకు రవ్వంత పైన చెబుతుంది, మర్నాడు రవ్వంత కింద. ఏడాది గడిస్తే ప్లస్సులూ మైనస్సులూ ఒకదాన్నొకటి తినేసి సున్నా మిగలాలి. అప్పటికీ ఏదైనా మిగిలితే అది గాలిలోది కాదు, శాటిలైట్ సొంత లోపం. దాన్ని అన్ని చోట్లనుంచీ తీసేయాలి. ఆ మిగులును పిన్ని "ఖాళీ సముద్రం బరువు" అనేది. రోజూ చూసి రాసుకునేది అదే.

శాటిలైట్లు కూడా ముసలివవుతాయి. ఆవిడ హయాంలో నాలుగు వచ్చాయి. ఒకదానికి బ్యాటరీ పోయింది, ఒకదానికి కంటికి అడ్డంగా ఏదో వేలాడి సగం చూపు పోయింది. కొత్తది వచ్చినప్పుడల్లా పిన్ని పెట్టే షరతు ఒక్కటే. "అత్తనూ కోడలినీ ఒక ఏడాది ఒకే వంటింట్లో ఉంచాలి. కోడలు చిటికెడు అంటే ఎంతో, అత్త చిటికెడు అంటే ఎంతో అప్పటిగ్గానీ తెలీదు. ఆ తర్వాత కావాలంటే అత్తను పంపేయండి."

ఐదో శాటిలైట్ వచ్చేసరికి డైరెక్టరు కూడా కొత్తాయనే వచ్చాడు. నలభై దాటని మనిషి. మెట్లు రెండేసి చొప్పున ఎక్కేవాడు, లిఫ్టు ఎక్కేవాళ్ళను జాలిగా చూసేవాడు. పిన్నిని మేడమ్ అనాలని ఆయన పట్టుదల. మూడో మాటకే నోరు జారి పిన్నీ అనేవాడు. పాత శాటిలైట్‌కు చూపు మందగించింది కాబట్టి దాన్ని ఇంకో ఏడాది సాకడం దండగని, జనవరి ఒకటి నుంచి లెక్కలన్నీ కొత్తదాని మీదే నడపమని ఆర్డరు వేశాడు. కొత్త ప్రోగ్రాం రాసింది కళ్ళజోడమ్మాయి. పెద్ద చదువు చదివి, పెద్ద కళ్ళజోడు పెట్టుకుని, రెండేళ్ళ కిందట చేరిన ఇంజనీరు.

ఏడాది తిరిగి కొత్త శాటిలైట్ మొదటి లెక్క వచ్చింది. ఆఫీసంతా గుప్పుమంది. పొగగొట్టాల గ్యాసు ఒక్క ఏడాదిలో ముప్ఫై శాతం పడిపోయింది!

డైరెక్టరు నేల మీద నిలవలేదు. శుక్రవారం పది గంటలకు హాల్లో సభ. పెద్దలొస్తారు, పత్రికలవాళ్ళొస్తారు, పొగగొట్టాల యజమానుల సంఘం అధ్యక్షుడొస్తాడు. గాలి శుభ్రపడిందని డైరెక్టరు ప్రకటిస్తాడు. పాత గీత అక్కడితో ఆగిపోతుంది, కొత్తది మొదలవుతుంది.

పిన్ని రిటైర్మెంటుకు ఇంకా మూడు నెలలు. గోడ మీది గీత చివర ఆ కొత్త చుక్క పెట్టి చూసుకుంది. ముప్ఫై ఏళ్ళు నడిచి నడిచి, గుమ్మం దగ్గర కాలు జారి గోతిలో పడ్డట్టుంది. అది నిజమైతే సంతోషమే. అబద్ధమైతే, రేపటినుంచి గొట్టాలకు బిగించిన పొగ కడిగే యంత్రాలను ఎవరూ తిప్పరు. మూడు గోడల చాకిరీ చివర తన చేత్తో పెట్టిన అబద్ధం అతుక్కుని ఉంటుంది.

సోమవారం సాయంత్రం డైరెక్టరు గదికి వెళ్ళింది.

"సార్, ఒక చిన్న అనుమానం. మన లెక్కలోకి వచ్చే ఒక ద్వీపంలో అగ్నిపర్వతం ఉంది కదండీ, దానికి కూడా మనవాళ్ళు పొగ కడిగే యంత్రం పెట్టించారా?"

"అదేం ప్రశ్న మేడమ్?"

"అదీ తగ్గింది మరి. పెద్ద పొగగొట్టం ఎంత తగ్గిందో, చిన్నదీ అంతే తగ్గింది, కొండా అంతే తగ్గింది. బక్కవి అయితే మాయమే అయిపోయాయి పాపం."

"కొండలు కూడా అప్పుడప్పుడు పడుకుంటాయి మేడమ్."

"పడుకుంటాయి సార్. కానీ మన ఆఫీసు క్యాలెండరు చూసి జనవరి ఒకటిన పడుకోవు కదా!"

డైరెక్టరు నవ్వాడు. చెడ్డవాడేమీ కాదు. "ముప్ఫై ఏళ్ళు మసక కళ్ళతో చూశాం. ఇప్పుడు కళ్ళద్దాలు పెట్టాం. లావుగా కనపడింది సన్నమైంది. అంతేనేమో పిన్నీ... మేడమ్. కాదంటారా, శుక్రవారం లోపల రుజువు తెండి. సభ మాత్రం ఆగదు."

రుజువు ఎక్కడ దొరుకుతుందో తెలియక పిన్ని ఇంటికి వెళ్ళింది. అది ఇంట్లోనే ఉందని ఆవిడకు అప్పటికి తెలియదు.

పిన్నిగారి భర్త బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. స్టీరింగు వదిలిపెట్టాక పొట్ట స్వతంత్రం ప్రకటించింది. డాక్టరు చూసి, ఆరు కిలోలు తగ్గకపోతే మోకాళ్ళు చెప్పిన మాట వినవన్నాడు. అందుకని సూది తిరిగే బరువు మిషన్ ఒకటి కొన్నారు. వచ్చిన వారానికే దాని మూల పగిలితే ఆయనే ఆకుపచ్చ టేపు చుట్టాడు. స్నానాల గది బయట దాని స్థానం.

మంగళవారం పొద్దున్నే ఆయన కేక.

"ఏమోయ్! ఇలా రా! నాలుగు కిలోలు తగ్గాను!"

"ఎప్పట్నుంచి?"

"నిన్నటినుంచి."

"ఒక్క రాత్రిలోనా? నిన్న ఏం తిన్నారేమిటి?"

"తినలేదు కాబట్టే కదా తగ్గింది! మనిషికి పట్టుదల ఉండాలోయ్, పట్టుదల." అంటున్న ఆయన మీసం చివర బిస్కెట్ పొడి ఒకటి కూడా పట్టుదలగానే వేలాడుతోంది.

ఆయన సబ్బు తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకోగానే పిన్ని మిషన్ ఎక్కింది. నాలుగు కిలోలు తక్కువ. ఆయన తగ్గితే తగ్గారు, నేనెందుకు తగ్గాను? దిగి, ఇస్త్రీపెట్టె తెచ్చి పెట్టింది. సూది సున్నాకు ఎడమగా రెండు గీతల దగ్గర ఆగింది. ఇస్త్రీపెట్టె లేనిదానికంటే తేలికగా ఉంది! దాన్ని కూడా తీసేసి, ఖాళీ మిషన్ ముందు గొంతుక్కూర్చుంది. నాలుగు గీతలు ఎడమగా ఉంది సూది. వెనక్కి తిప్పి చూస్తే, అడుగున సూదిని సర్దే చిన్న చక్రం మీద బిస్కెట్ జిడ్డు, బొటనవేలి ముద్రతో సహా.

ఇల్లాలు పకపకా నవ్వి తలుపు కొట్టవలసిన ఘట్టం. పిన్ని నవ్వలేదు. వీధిలో లారీ వెళ్ళింది, నేల అదిరింది, ఖాళీ మిషన్ మీద సూది అటొక గీత ఇటొక గీత వణికింది. ఆవిడ దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఆయన తగ్గారు, నేను తగ్గాను, ఇస్త్రీపెట్టె తగ్గింది. పెద్ద పొగగొట్టం తగ్గింది, చిన్నది తగ్గింది, కొండ తగ్గింది. ఎక్కినవాళ్ళను కాదు, ఖాళీని చూడాలి.

"టిఫిన్ ఏదోయ్?" అని ఆయన లోపల్నుంచి అరిచేసరికి పిన్ని బస్‌స్టాపులో ఉంది.

కొత్త శాటిలైట్ లెక్కల్లో సముద్రపు ముక్కను ఇప్పుడు మనుషులు చూడనక్కర్లేదు, ప్రోగ్రామే చూసుకుంటుంది. పిన్ని ఆ అంకెలను అచ్చు వేయించి, బల్లమీద పరిచి, వేలు పెట్టి చదువుకుంటూ పోయింది. ప్లస్, సున్నా, సున్నా, ప్లస్, సున్నా. ఏడాది మొత్తంలో ఒక్క మైనస్ లేదు. వణికే సూది కుడికి మాత్రమే వణికి, ఎడమకు వెళ్ళడం మానేసింది.

కళ్ళజోడమ్మాయిని పిలిచింది.

"నా మైనస్సులు ఏవమ్మా?"

"తీసేశాను పిన్నీ" అంది ఆ అమ్మాయి కొంచెం గర్వంగానే. "గ్యాసు మైనస్‌లో ఎలా ఉంటుంది? లేనిదానికంటే తక్కువ అంటూ ఉండదు కదా. మైనస్ వచ్చినచోటల్లా సున్నా వేసెయ్యమన్నాను."

"గాలిలో ఉండదమ్మా. చూసే కంటిలో ఉంటుంది. నువ్వు ఎడమ వణుకు తుడిచేసి కుడి వణుకు ఉంచావు. ఇప్పుడు సగటు తీస్తే ఖాళీ సముద్రానికి బరువు రాదూ?"

"వస్తుంది..."

"ఆ బరువు శాటిలైట్ లోపం అనుకుని నీ ప్రోగ్రాం ఏం చేసింది?"

"అన్ని చోట్లనుంచీ తీసేసింది" అంటూనే ఆ అమ్మాయి కళ్ళజోడు తీసేసింది. "పొగగొట్టాల దగ్గర అంకెలు పెద్దవి. ఎంత వణికినా సున్నా కిందకు రావు, కాబట్టి అక్కడ తుడిచింది దాదాపు ఏమీ లేదు. కానీ సముద్రం బరువు మాత్రం తీసేశాను. అయ్యయ్యో పిన్నీ! కొంప ముంచాను!"

"మునగలేదులే. శుక్రవారం పదింటిదాకా తేలే ఉంటుంది. మైనస్సులన్నీ వెనక్కి పిలువు."

ఒక రోజంతా పట్టింది పిలవడానికి. బుధవారం సాయంత్రానికి ముప్ఫై శాతం తగ్గుదల కాస్తా రెండు శాతం అయింది. పొగగొట్టాలు ఎప్పటిలాగే పొగ వదులుతున్నాయి, కొండ ఎప్పటిలాగే బుసకొడుతోంది. కళ్ళజోడమ్మాయి మాత్రం మింగలేక కక్కలేక కూర్చుంది.

"డైరెక్టరుగారికి ఎలా చెప్పాలి పిన్నీ? నన్ను నమిలేస్తారు."

"నువ్వు చెబితే నములుతాడు. నేను చెబితే నవ్వుతాడు. చెప్పేది వేరే ఉంది, రేపు తెస్తాను."

గురువారం పొద్దున్న బరువు మిషన్‌ను సంచిలో దూరుస్తుంటే భర్త చూశాడు.

"దాన్నెక్కడికి?"

"రిపేరుకండీ."

"రిపేరా! దానికేం రోగం, నిక్షేపంలా ఉంటే?"

"ఏమోనండి, ఎవరో చెయ్యి పెట్టినట్టుంది."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన తన బొటనవేలు పంచెకు తుడుచుకున్నాడు. "పిల్లులు తిరుగుతున్నాయిలే ఇంట్లో" అన్నాడు. వాళ్ళింట్లో పిల్లి లేదు.

డైరెక్టరు గదిలో టీ వేళకు పిన్ని మిషన్‌ను నేలమీద పెట్టింది. పక్కన కళ్ళజోడమ్మాయి, చేతిలో కాగితాలు.

"ఏమిటిది మేడమ్?"

"ఒక్కసారి ఎక్కండి సార్. ఆరోగ్యం గురించి."

ఆరోగ్యం అన్నాక ఆయన ఆగలేడు. బూట్లు విప్పి మరీ ఎక్కాడు. "డెబ్భై ఎనిమిది ఉంటాను... డెబ్భై నాలుగా! చూశారా, నెలన్నర వ్యాయామం!" కళ్ళజోడమ్మాయిని కూడా ఎక్కమన్నాడు. ఆమె తగ్గింది. టీ తెచ్చిన ఆయాను ఎక్కించారు. ఆవిడ కూడా తగ్గి, మురిసిపోయి, ట్రే అక్కడే మర్చిపోయి వెళ్ళింది.

"ఆఫీసుకే ఆరోగ్యం వచ్చేసింది సార్" అంటూ పిన్ని సంచిలోంచి టేపు చక్రం తీసి మిషన్ మీద పెట్టింది. సూది సున్నాకు ఎడమగా మూడు గీతల దగ్గర నిలిచింది. "ఇదైతే ఎగిరిపోవాలి మరి!"

డైరెక్టరు పగలబడి నవ్వాడు. నవ్వుతూ వంగి, టేపు చక్రం తీసి, ఖాళీ మిషన్ చూశాడు. నవ్వు సగంలో ఆగింది. కాసేపు సూదినీ, కాసేపు పిన్నినీ చూశాడు.

"ఇది నా బరువు సంగతి కాదు కదూ" అన్నాడు మెల్లగా.

"కాదు సార్. సముద్రం సంగతి."

కళ్ళజోడమ్మాయి కాగితాలు ముందుపెట్టి, ఎక్కడా తప్పించుకోకుండా, తను తుడిచేసిన మైనస్సుల కథంతా చెప్పింది. ఆయన రెండుసార్లు చదివాడు. టీ చల్లారిపోయింది.

"ఉత్తరాలు వెళ్ళిపోయాయి పిన్నీ" అన్నాడు. ఈసారి మేడమ్ అని దిద్దుకోలేదు. "హాలు నిండిపోతుంది. ఏం చెప్పమంటారు?"

"పదింటికే చెప్పండి సార్. టైము మార్చకండి, మాట మార్చండి."

ఆయన చాలాసేపు బూట్ల తాళ్ళు కట్టుకున్నాడు. తల ఎత్తి, "ఈ మిషన్ రేపటిదాకా ఉంచుతారా?" అని అడిగాడు.

శుక్రవారం హాల్లో జరిగింది ఇదీ. పొగగొట్టాల సంఘం అధ్యక్షుడు భారీ మనిషి. డైరెక్టరు ఆయన్ని చేయి పట్టి వేదిక మీదకు పిలిచి మిషన్ ఎక్కించాడు. ఆయన తన బరువు ముందే గొప్పగా చెప్పి, నాలుగు కిలోలు తక్కువ చూసి ఉబ్బిపోయాడు. చప్పట్లు. తరువాత డైరెక్టరు ఆయన్ని దింపి, ఖాళీ మిషన్‌ను ఎత్తి సూది అందరికీ చూపించాడు. "సరిగ్గా ఇలాగే మేం మీ పొగగొట్టాలను కూడా ముప్ఫై శాతం సన్నబరిచాం. తప్పు మాది. అసలు తగ్గింది రెండే. నాకు నిన్న ఈ మిషన్‌తో చూపిస్తే బాగుంటుందని ఒక ఆలోచన వచ్చింది..."

చివరి వరసలో పిన్ని కళ్ళజోడమ్మాయిని గిల్లింది. "వచ్చిందట."

ఇంకా పైనే తిరుగుతున్న పాత శాటిలైట్‌నూ కొత్తదాన్నీ ఒక పూర్తి ఏడాది పక్కపక్కన నడిపి, ఆ తర్వాతే పాతదాన్ని వదిలిపెడతామని కూడా డైరెక్టరు ప్రకటించాడు. "అత్తాకోడళ్ళు ఒకే వంటింట్లో ఉన్నట్టు" అన్నాడు. హాలంతా నవ్వింది. అది కూడా ఆయనకు నిన్నే వచ్చి ఉంటుంది.

మూడు గోడల గీత గోతిలో పడలేదు. నాలుగో గోడ మీద చుక్కను కళ్ళజోడమ్మాయి తన చేత్తో చెరిపి, పైన కొత్తది పెట్టింది. పిన్ని స్టూలు పట్టుకుని నిలబడింది.

శనివారం పేపర్లో ఫోటో వచ్చింది. పిన్ని భర్త కళ్ళజోడు సవరించుకుని, పేపరును దూరంగా పట్టి, మళ్ళీ దగ్గరగా పట్టి చూశాడు. అధ్యక్షుడి పాదాల కింద, మూలన టేపు చుట్టిన బరువు మిషన్. కింద పెద్ద అక్షరాల్లో "అబద్ధమాడిన కాటా."

"ఏమోయ్... ఇది మనదే."

"మనదేనండి."

"రిపేరుకన్నావు?"

"అక్కడే చేశారు. అందరి ముందూ."

ఆయన పేపరు మడిచాడు. మళ్ళీ విప్పాడు. "ఎప్పుడు కనిపెట్టావు?"

"ఇస్త్రీపెట్టె చెప్పింది."

పిన్ని బజారుకెళ్ళి కొత్త మిషన్ ఒకటి తెచ్చింది. అడుగున చక్రం లేనిది. డైరెక్టరు తిప్పి పంపిన పాతదాన్ని అటకెక్కించబోతుంటే ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగాగు. పాతదాన్ని ఒక్కసారిగా మానేయకూడదు. ఏడాదిపాటు రెండూ పక్కపక్కన ఉండాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది నువ్వే కదా? ఇప్పుడు నీ ఇంట్లో నీ పద్ధతి పనికిరాదా?"

పిన్ని ఆయన్ని పైనుంచి కింది దాకా చూసింది. ఆయన చెప్పింది శాస్త్రం ప్రకారం అక్షరాలా నిజం.

రెండు మిషన్లనూ గోడవార పక్కపక్కన పెట్టింది. కొత్త నోటుపుస్తకం తెరిచి రెండు గడులు గీసింది. ఆయన హుషారుగా పాతదాని వైపు కాలు ఎత్తాడు.

"ఉండండి" అంది పిన్ని. ముందు ఖాళీ మిషన్లను చూసింది. సూదులు కుదురుకునేదాకా ఆగింది. కొత్తది సున్నా. పాతది నాలుగు తక్కువ. రెండూ రాసుకుంది.

"ఆఁ, ఇప్పుడు ఎక్కండి."